సముద్రానికి ముప్పై ఎనిమిది మీటర్లు

ధర్మవరం,
జూన్ 18

అమ్మా వీణా,

శ్రుతి నాయన చెన్నకేశవులు రాస్తున్నాను. ఈ కాలంలో ఉత్తరమేమిటని కంగారు పడొద్దు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్లో మాట్లాడితే నా మాట ఇల్లంతా వినపడుతుంది, అవతలి మాట నా చెవికి వినపడదు. అందుకని రాస్తున్నాను.

ఉగాది తర్వాత నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు మీ పెద్దమ్మకు నీ ఉద్యోగం గురించి చెబుతుంటే పక్కగదిలో విన్నాను. నువ్వు గట్టిగా మాట్లాడతావు కాబట్టి వినపడింది. విమానంలోంచి సముద్రపు ఒడ్డు మీదికి లేజరు వెలుగు వేసి నేల ఎత్తు కొలుస్తారని, ఆ కొలతలన్నీ హిందూపురంలో మీ ఆఫీసుకు వస్తాయని, ఒక్కొక్క ఇల్లు కూడా తెలుస్తుందని చెప్పావు.

నువ్వూ శ్రుతీ కలిసి చదివి ఒకే కంపెనీలో చేరారు. నువ్వు ఆఫీసులో కూర్చున్నావు. అది నేల మీద గుర్తులు పెట్టే పనికి కోస్తాకు పోయింది. అక్కడ పడవ నడిపే ఏసుదాసును పెళ్లి చేసుకుంది. మన కులం కాదు, మన దేవుడు కాదు. గడప తొక్కొద్దన్నాను. తొక్కలేదు. ఐదేళ్లుగా ఆ మాట మీద ఇద్దరం నిలబడి ఉన్నాం. ఇప్పుడు కూడా దాన్ని రమ్మనడం లేదు.

ఒకటే అడుగుతున్నాను. చినదిబ్బపాలెం మీ కొలతల్లో ఉందా? అది ఉండే ఇల్లు ఎట్లాంటిదో తెలిస్తే రాయి. జవాబు ఇంటికి వద్దు, మగ్గాల షెడ్డు చిరునామాకు రాయి. మీ పెద్దమ్మకు తెలియనక్కర్లేదు.

చెన్నకేశవులు


హిందూపురం,
జూన్ 27

పెదనాయనా,

నా పేరున ఆఫీసుకు ఉత్తరం రావడం ఇదే మొదటిసారి. కోర్టు నోటీసేమోనని పక్క సీటువాళ్లు భయపెట్టారు.

చినదిబ్బపాలెం ఉంది. విమానం కింద ఉన్న యంత్రం సెకనుకు లక్షల సార్లు వెలుగును నేల మీదికి కొడుతుంది. అది తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి అక్కడి ఎత్తు తెలుస్తుంది. ఒక్కో దెబ్బకు ఒక్కో చుక్క. మీరు గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టి అంచు డిజైను గీస్తారే, అట్లా కోట్ల చుక్కలతో ఊరంతా తెర మీద లేస్తుంది. ఇది నేల, ఇది చెట్టు, ఇది ఇల్లు అని ఆ చుక్కలకు పేర్లు పెట్టడం నా పని. ఆ తర్వాత ఇళ్లనూ చెట్లనూ తీసేస్తాం. మిగిలిన ఉత్త నేల మీద సముద్రం పొంగితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో లెక్కగడతారు.

శ్రుతి ఇల్లు ఊరికి తూర్పు చివర ఉంది. రెండు గదుల స్లాబు ఇల్లు. మిద్దె మీదికి బయటినుంచి మెట్లు, పైన నీళ్ల ట్యాంకు. వెనక పదకొండు కొబ్బరి చెట్లు. పక్కనే ఒడ్డుకు లాగిపెట్టిన పడవ.

చుక్కల్లో తెలియనిది కూడా ఒకటి చెబుతాను, తిట్టొద్దు. శ్రుతికి కూతురు పుట్టింది. మూడేళ్లు నిండాయి. పేరు భాగ్యశ్రీ. నెలకోసారి మేం ఫోన్లో మాట్లాడుకుంటాం. తను చెప్పొద్దంది కాబట్టి ఇన్నాళ్లూ మీకు చెప్పలేదు.

ఇల్లు బాగానే ఉంది పెదనాయనా.

మీ వీణ


ధర్మవరం,
జూలై 9

అమ్మా వీణా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ పిల్ల పుట్టిన నెలలో నేనేం చేస్తున్నానో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గుర్తు రాలేదు. రోజూ చేసే పనే చేసి ఉంటాను.

మీ పెద్దమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. అన్నం ముందు కూర్చుని, "దానికి బిడ్డంట" అన్నాను.

"తెలుసు" అంది ఆదిలక్ష్మమ్మ.

"ఎవరు చెప్పినారు నీకు?"

"పుట్టిన నెలకే తెలిసింది. నీకు చెప్పుంటే నన్ను గూడా ఇంట్లో ఉండనిచ్చేవాడివి కాదు."

చారు పోసి లోపలికి వెళ్లిపోయింది. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి నాకు ఇట్లా భయపడుతోందని నాకు తెలియదు.

సముద్రం నేను చూడలేదు. అరవై నాలుగేళ్లు వచ్చినా చూడలేదు. ఆ ఇంటికి అది ఎంత దూరం? మా ఇంటి నుంచి రైల్వే స్టేషను ఎంతో, అంత ఉంటుందా? కొబ్బరి చెట్లను కూడా లెక్కపెట్టిన పిల్లవు, ఇది రాయడం మరిచిపోయావంటే నమ్మను.

చెన్నకేశవులు


హిందూపురం,
జూలై 24

పెదనాయనా,

మరిచిపోలేదు. రాయలేకపోయాను.

ఐదేళ్ల కిందట, శ్రుతి అక్కడికి వెళ్లిన సంవత్సరం, ఆ ఒడ్డు మీద మొదటిసారి విమానం తిరిగింది. అప్పుడు ఆ ఇంటి స్థలానికీ సముద్రానికీ మధ్య నూట నలభై మీటర్లు. మొన్న ఏప్రిల్లో మళ్లీ తిరిగింది. ఇప్పుడు ముప్పై ఎనిమిది. మీ వీధి మొదటినుంచి మీ ఇంటిదాకా ఉండేంత దూరం. ఇంటి పునాది సముద్రమట్టానికి నిలువు మనిషంత ఎత్తు కూడా లేదు. పెద్ద తుఫాను వస్తే ఎట్లా ఉంటుందో లెక్కగట్టి చూశాను. పటంలో ఊరంతా నీలం రంగు అయింది. శ్రుతి ఇంటి దగ్గర ఆ నీలం కిటికీల పైదాకా వచ్చింది.

ఈ రిపోర్టు ఇంకా బయటికి పోలేదు. దాని మీద చాలా సంతకాలు పడాలి. బయట చెప్పకూడదని మేం రాసిచ్చి ఉన్నాం. అయినా శ్రుతికి చెప్పాను. భయపడుతుందనుకున్నాను. తను నవ్వింది.

"యాడికి పోవాల వీణా? మా అత్త ఈడనే పుట్టింది. ఈయన పడవ ఈడనే ఉండాది."

"తుఫానులు వచ్చే నాలుగు నెలలైనా ధర్మవరం పోయి ఉండు. పాపనెత్తుకుని పో."

"నాయన పిలిస్తే పోతా. నువ్వు పొమ్మంటే కాదు."

ఏసుదాసు కూడా ఫోను తీసుకుని, "మావయ్యగారు ఒక్క మాటంటే చాలండి, నేనే రైలెక్కిస్తా" అన్నాడు.

పెదనాయనా, ఒక్క మాట పిలవండి. క్షమించానని చెప్పనక్కర్లేదు. నాలుగు నెలలు వచ్చి ఉండమంటే చాలు.

మీ వీణ


ధర్మవరం,
ఆగస్టు 8

వీణకు,

నిన్న నా తమ్ముడి కొడుకు నిశ్చితార్థం జరిగింది. బంధువులంతా వచ్చారు. భోజనాల దగ్గర ఒకాయన, "ఏమప్పా చెన్నకేశవులూ, మీ అల్లుడు చేపలు పంపలేదా?" అన్నాడు. పంక్తి మొత్తం నవ్వింది. నా తమ్ముడు కూడా నవ్వాడు. నేను విస్తరి ముందునుంచి లేచి వచ్చాను.

నన్ను అడక్కుండా పోయినదాన్ని నేను పిలవాలా? నీకెందుకమ్మా ఈ పెత్తనం? నాకు కూతురు లేదు. ఆ ఇల్లు సముద్రంలో కలిసిపోయినా, అందులో ఉన్నవాళ్లు కలిసిపోయినా, నాకు చెప్పొద్దు. ఇక రాయొద్దు.

చెన్నకేశవులు


ధర్మవరం,
ఆగస్టు 19

అమ్మా వీణా,

నువ్వు జవాబు రాయలేదు. రాయొద్దన్నది నేనే.

మొన్నటి ఉత్తరం చించెయ్. అది పోస్టులో వేసి ఇంటికి వచ్చాక నాకు పని సాగలేదు. పోగు తెగితే ముడి వేయకుండా మగ్గం మీదినుంచి లేచాను. మీ పెద్దమ్మకు ఏం రాశానో చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "పంక్తిలో నవ్వినోళ్లు నీకేమైతారు? అది నీకేమైతాది?" అని మాత్రం అడిగింది.

రమ్మను. బిడ్డనెత్తుకుని రమ్మను. నాలుగు నెలలని కాదు, ఎన్నాళ్లుంటే అన్నాళ్లు. అల్లుడికి వీలైతే అతణ్నీ రమ్మను. వినాయక చవితి లోపల వస్తే మీ పెద్దమ్మ సంతోషిస్తుంది. స్టేషనుకు నేనే వస్తాను.

నేను పిలుస్తున్నానని చెప్పు. ఆ మాట మరిచిపోకుండా చెప్పు.

చెన్నకేశవులు


పెనుకొండ,
ఆగస్టు 30

పెదనాయనా,

సెలవు పెట్టి మా ఊరికి వచ్చాను. ఒంట్లో బాగాలేదు. మీ ఉత్తరం ఆఫీసులో ఉండిపోయి ఆలస్యంగా చేతికి వచ్చింది.

శ్రుతికి చెప్పాను. మీరు పిలిచారనే చెప్పాను. ఉత్తరాన్ని ఫోటో తీసి పంపాను. ఇప్పుడు వేటకు పోయే రోజులట, ఇంట్లో పని ఎక్కువట. డిసెంబరులో వస్తానంది. తుఫానుల సంగతి మళ్లీ చెప్పాను. ఊళ్లో షెల్టరు ఉంది, హెచ్చరిక రాగానే వెళ్తాం, భయం లేదంది.

మీకు తన నంబరు కింద రాస్తున్నాను. మీరే ఒకసారి మాట్లాడితే మంచిది.

ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

వీణ


ధర్మవరం,
అక్టోబరు 21

అమ్మా వీణా,

నీ ఒంట్లో ఎట్లా ఉంది? పోయిన ఉత్తరంలో నీ మాట నీ మాటలా లేదు.

షెడ్డు సెల్లునుంచి దానికి ఫోన్ చేశాను. షెడ్డులో మగ్గాలన్నీ ఆగిన భోజనాల వేళ, అందరూ బయటికి పోయాక చేశాను. "హలో" అంది. ఐదేళ్ల తర్వాత విన్నా ఆ గొంతు నా చెవికి బాగా వినపడింది. "హలో, ఎవరండీ" అంది. అక్కడివాళ్ల మాదిరి "అండీ" అంటోంది. పక్కనుంచి పిల్ల ఏదో అడుగుతోంది. నాకు నోరు రాలేదమ్మా. నాయనను అని చెప్పకుండానే పెట్టేశాను. వెంటనే అదే తిరిగి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాను, ఎత్తలేదు.

డిసెంబరు ఎంతో దూరం లేదు. ఎదురుగా కూర్చుంటే మాట అదే వస్తుంది. వెనక గదికి సున్నం వేయించాను. కరెంటు పని కూడా చేయించాను. మూడేళ్ల పిల్ల ఏం తింటుంది? మీ పెద్దమ్మ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేస్తానంటోంది, చేపలు తినే పిల్లకు అవి నచ్చుతాయా? కనుక్కుని రాయి.

చెన్నకేశవులు


హిందూపురం,
డిసెంబరు 14

పెదనాయనా,

పోయిన నెల తుఫాను వెలిశాక ఫోన్లో మీ తమ్ముడి కొడుక్కి వార్త చెప్పి పెట్టేశాను. మీతో మాట్లాడే ధైర్యం లేకపోయింది. దారులు తెగిపోయి మీరెవ్వరూ శ్రుతి చివరి చూపుకు వెళ్లలేకపోయారని తెలుసు. ఏసుదాసు నాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మీకు తెలియాలి.

హెచ్చరిక రాగానే ఊరంతా షెల్టరుకు వెళ్లింది. శ్రుతి పాపను తీసుకుని అందరికన్నా ముందే వెళ్లింది. తెల్లవారాక చూస్తే వాళ్ల అత్త నల్లమ్మ అక్కడ లేదు. మేకలను విప్పడానికి వెనక్కి పోయింది. ఏసుదాసు పడవలు కట్టేవాళ్లతో ఏటి వైపు ఉన్నాడు. పాపను పక్కావిడ ఒళ్లో పెట్టి, "పది నిమిషాల్లో వస్తాం" అని శ్రుతి వెళ్లింది. నల్లమ్మను మిద్దె మెట్లు ఎక్కించింది. ముందు తననే ఎక్కించిందని నల్లమ్మ ఏడుస్తూ చెప్పిందట. నీళ్లు సముద్రం వైపునుంచి కాదు, వెనక ఏటి వైపునుంచి వచ్చాయి. కింది మెట్ల మీద ఉన్న శ్రుతిని తీసుకుపోయాయి. మరునాడు సరుగుడు తోటలో దొరికింది.

ఇప్పుడు నేను దాచింది రాస్తాను. చదివాక మీరు నన్ను ఏమన్నా పడతాను.

ఆగస్టు 12న శ్రుతి హిందూపురం వచ్చింది. పాపతో వచ్చింది. మీరు పిలవకముందే వచ్చింది. "పిలవకపోయినా పోతా వీణా. గడప బయటనే నిలబడతా. లోపలికి రమ్మంటాడో లేదో చూస్తా" అంది. మీరు ఆగస్టు 8న రాసిన ఉత్తరం అంతకుముందు రోజే వచ్చింది. నా గదిలో టేబుల్ మీద ఉంది. నేను టీ పెట్టి వచ్చేసరికి తన చేతిలో ఉంది. మీ చేతిరాత తనకు తెలియనిదా?

రెండు రోజులు బతిమాలాను. కోపంలో రాశారని చెప్పాను. 14న ధర్మవరం రైలు ఎక్కించాను, నేనూ ఎక్కాను. పెనుకొండలో రైలు ఆగగానే పాపనెత్తుకుని లేచింది. "ఈడ దిగుతా. ఇంగ ఆ గడపకాడికి రాలేను" అంది. మా ఇంటికి తీసుకుపోయాను. మా అవ్వ పాపకు అన్నం తినిపించింది. సాయంత్రం బస్సుకు వెనక్కి వెళ్లిపోయింది. వెళ్లేముందు, "నేనొచ్చినానని నాయనకు చెప్పొద్దు. బాధపడతాడు" అని నాతో మాట తీసుకుంది.

మీ రెండో ఉత్తరం తర్వాత వచ్చింది. దాని ఫోటో పంపితే, "యాది నిజం వీణా? రెండూ ఆయన చేతిరాతే కదా" అంది. కాసేపటికి తనే, "డిసెంబరులో పోతాలే. అప్పటికి నాకూ కోపం తగ్గతాది" అంది. అది మాత్రం నేను కల్పించింది కాదు.

మీరు ఫోన్ చేసిన రోజు కూడా తనకు తెలుసు. ఆ నంబరు నాకు పంపి ఎవరిదని అడిగింది. మీ షెడ్డుదని చెప్పాను.

తుఫాను తర్వాత విమానం మళ్లీ తిరిగింది. ఆ ఒడ్డు చుక్కలు నా దగ్గరికే వచ్చాయి. ఇల్లు ఉన్నచోట పునాది ఒక మూల తేలింది, మిగతాది ఇసుక. దాన్ని నేల అని రాయాలి. ఆ ముక్క పక్క సీటువాళ్లకు ఇచ్చేసి బయటికి వచ్చాను. మా రిపోర్టు మీద ఇంకా రెండు సంతకాలు పడలేదు.

ఆ ఉత్తరాన్ని సొరుగులో పెట్టి ఉంటే తను 14న మీ ఇంటికి వచ్చి ఉండేది. రోజూ ఇదే అనుకుంటున్నాను.

వీణ


చినదిబ్బపాలెం,
జనవరి 9

అమ్మా వీణా,

నీ ఉత్తరం చదివి మొదట నిన్ను తిట్టాను. అబద్ధం ఎందుకు? షెడ్డులో నలుగురూ విన్నారు. ఆ కాగితం టేబుల్ మీద ఎందుకు పెట్టావని, రైలు ఎందుకు దిగనిచ్చావని, చెయ్యి పట్టుకుని లాక్కుని రాకూడదా అని తిట్టాను. పెనుకొండ నుంచి మా ఊరు ఎంత దూరమమ్మా? ఆ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. పట్టు రాలేదని పని లేక అరుగు మీద కూర్చుని ఉన్నాను.

తర్వాత నిన్ను తిట్టబుద్ధి కాలేదు. నువ్వు దాచి ఉంటే బాగుండేది. నేను రాయకుండా ఉంటే ఇంకా బాగుండేది. నీ మీద కోపం పోయిందని చెప్పలేను, ఉందనీ చెప్పలేను. నువ్వు మాత్రం ఉద్యోగం మానొద్దు. ఆ రెండు సంతకాలు పడేదాకా అడుగుతూనే ఉండు. ఈ ఒడ్డున ఇంకా ఇళ్లున్నాయి. నేను చూశాను.

మేమిద్దరం ఇక్కడికి వచ్చి ఆరు రోజులు. ఊరి బడిలో అందరికీ తాత్కాలికంగా చోటిచ్చారు. సముద్రం చూశాను. మీ పెద్దమ్మ చూడనంది. వచ్చిన రోజునుంచి దానికి వీపు తిప్పి కూర్చుంటోంది.

ఏసుదాసు నన్ను చర్చి వెనక్కి తీసుకుపోయాడు. ఇసుకలో కొయ్య శిలువ, దాని మీద రంగుతో శ్రుతి పేరు. అక్కడ నిలబడి, "ఆగస్టులో నేనే పంపానండి మావయ్యగారూ. నాలుగు రోజులకే తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చేశావంటే చెప్పలేదండి" అన్నాడు. అది మొగుడికి కూడా చెప్పలేదు. నేను చెప్పాను. ఏం రాశానో ఒక్కో మాటా చెప్పాను. కొట్టినా పడదామనుకున్నాను. అతను శిలువ మీద పడిన ఇసుకను కూర్చుని చేత్తో తుడిచాడు. ఆఖరికి, "ఎండగా ఉందండి, లోపలికి రండి" అన్నాడు.

భాగ్యశ్రీ రెండు రోజులు నా దగ్గరికి రాలేదు. దూరంనుంచే చూసేది. నడకంతా తల్లిదే. మూడో రోజు నల్లమ్మ చెంగు పట్టుకుని వచ్చి, "నువ్వు మగ్గం తాతవా?" అంది.

అవునన్నాను.

"చీర అయిపోయిందా?"

నాకు అర్థం కాలేదు. నల్లమ్మ చెప్పింది. తాత ఎందుకు రాడని పిల్ల అడిగినప్పుడల్లా శ్రుతి ఒకే మాట చెప్పేదట: "తాత చానా పెద్ద చీర నేస్తాండాడు. నడమ లేస్తే పోగులు తెగిపోతాయి. అయిపోతానే వస్తాడు." ఐదేళ్లలో నా గురించి ఇంతకన్నా చెడ్డమాట ఆ ఇంట్లో ఎవరూ వినలేదట.

పిల్ల నా మొహం చూస్తూ నిలబడి ఉంది. అయిపోయిందమ్మా అన్నాను.

"మరి అమ్మకి చూపించావా?" అంది.

లేచి బయటికి వచ్చాను. రోజూ అదే అడుగుతోంది. చదువుకున్నదానివి, ఏం చెప్పాలో తెలిస్తే రాయి.

చెన్నకేశవులు